సాలూరు ఘాటీ క్రింద ఒక రాత్రి

విజయనగరం నుండి జయపురానికి పోయే దారి తెలిసినవారికి సాలూరును గురించి వేరే చెప్పనక్కర లేదు. తెలియనివారి కోసం నాలుగు మాటలు. విజయనగరం విడిచి గజపతినగరం, రామభద్రపురం దాటి రమారమి 60 కిలోమీటర్లు వచ్చేసరికి పొలాలూ తాటితోపులూ వెనుకబడి, ఎదుట నీలిరంగు గోడ కట్టినట్లు కొండలు నిలబడతాయి. ఆ గోడ మొదట, వేగవతి ఒడ్డున ఉన్నది సాలూరు. ఊరు సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటే, కొండెక్కిన తరువాత వచ్చే కొరాపుట్టు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తంతా ఎక్కించేది ఘాటీయే. పాతవారు దీనిని 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు 26వ నంబరు అయినది. నంబరు మారినా మలుపులు మారలేదు.

ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 వరకు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనిదే. జయపురం మహారాజులలో కడపటివారైన విక్రమదేవవర్మగారు తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం చెప్పిన పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. విశాఖలోని సైన్సు కళాశాలకు వారి పేరే పెట్టారు. సరిహద్దు గీసిన తరువాత కొండమీది తెలుగువారం ఒక రాష్ట్రంలోనూ, మా మేనమామలూ వియ్యంకులూ మరొక రాష్ట్రంలోనూ ఉండిపోయాము. పెళ్ళికైనా చావుకైనా ఈ ఘాటీ ఎక్కి దిగక తప్పదు. కనుక మాకు ఇది విహారానికి పోయే దారి కాదు, చుట్టరికపు దారి.

ఇక సాలూరు లారీల ఊరు. కొండమీది సరుకు క్రిందికీ, క్రింది సరుకు పైకీ చేరవేయడమే తరతరాలుగా ఆ ఊరి వృత్తి. లారీ ఉన్నచోట లారీకి కావలసిన పనివారు ఉంటారు. బాడీలు కట్టే వడ్రంగులు, కమాను పట్టీలు విరిస్తే అతికేవారు, రేడియేటర్లకు టంకం పెట్టేవారు, టైర్లవారు, రంగులవారు, అందరూ రోడ్డుకు అటూ ఇటూ షెడ్లలో కనబడతారు. ఘాటీ ఎక్కబోయే బండికి ఏ లోపమున్నా ఈ ఊరే ఆఖరి మజిలీ. ఆ తరువాత దేవుడే దిక్కు.

గత మాఘమాసంలో మేము అయిదుగురం విజయనగరం నుండి జయపురం బయలుదేరాము. పెద్దన్నయ్య, వదిన, మేమిద్దరం, మా మేనత్త. అత్తయ్యకు 78 ఏళ్ళు. మరునాడు పది గంటల ఇరవై నిమిషాలకు జయపురంలో ఆమె మనుమరాలికి తాంబూలాలు. డిక్కీలో పసుపుకుంకుమలు, పట్టుచీర, వెండి కంచం, రెండు డబ్బాల మినపసున్ని. పెద్దముత్తైదువు ఎవరన్నది వియ్యాలవారు ముందే అడిగి అత్తయ్య వదినగారిని ఒప్పించినా, పిల్ల మాత్రం మామ్మ చేతి అక్షతలు పడితేగాని పీటమీద కూర్చోనన్నది. మామయ్యగారు పోయి ఆరేళ్ళయినది. ఆయన కొన్న 1984 నాటి అంబాసిడరులోనే వస్తానన్నది అత్తయ్య పట్టు. ఆ బండిని తుక్కుకు ఇచ్చివేద్దామని పెద్దన్నయ్య సంవత్సరం నుండి అంటున్నాడు. ఒక తుక్కు వ్యాపారితో బేరం కూడా కుదుర్చుకొని ఉన్నాడు. ఈ ప్రయాణం కాగానే ఇచ్చివేయడమని ఇద్దరి మధ్యా ఒప్పందం. ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ల తయారీయే 2014లో ఆగిపోయినది కదా, సామాను ఎక్కడ దొరుకుతుందని అన్నయ్య వాదన.

గజపతినగరం దాటాక బానెట్టు క్రింద నుండి కిచకిచమని పిచ్చుక కూసినట్లు ఒక చప్పుడు మొదలయినది. వేగం పెంచితే ఎక్కువ, తగ్గిస్తే తక్కువ. రామభద్రపురంలో టీకోసం ఆపినప్పుడు చూస్తే, ముందు చక్రాల నడుమ నేలమీద ఆకుపచ్చని చుక్కలు. మూడు నెలల క్రిందట రేడియేటరులో పోయించిన కూలెంటు రంగు అది. వేడి చూపే ముల్లు కూడా ఎప్పుడూ ఉండే చోటికంటె పైకి జరిగి ఉన్నది. ఇంజను చల్లారేవరకు ముప్పావుగంట కూర్చొని, మూత తీసి నీళ్ళు పోసి, మెల్లగా సాలూరు చేరుకున్నాము. అప్పటికి మూడున్నర.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేడి రేడియేటరు మూత తీయడం ప్రాణాంతకం. లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతసేపు నూరు డిగ్రీలు దాటినా మరగదు, మూత తీసిన క్షణంలో మరిగి ముఖంమీదికి ఎగజిమ్ముతుంది. పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, గుడ్డ వేసి, మూతను మొదటి మెట్టువరకే త్రిప్పి, బుస్సుమన్న చప్పుడు ఆగిన తరువాత పూర్తిగా తీయాలి. చల్లారని ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించినా ప్రమాదమే, పోత ఇనుము పగులుతుంది.

రోడ్డు ప్రక్కన ఒక షెడ్డు ముందు ఆపాము. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. పదిహేనో ఏట లారీ క్లీనరుగా ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాడట. మేము దిగేలోపలే నలుగురు పోగయినారు, నాలుగు వైద్యాలు చెప్పారు. బెల్టుకు సబ్బు రాయమని ఒకరు. రేడియేటరులో గుప్పెడు పసుపు వేస్తే చిల్లులు పూడుకుంటాయని మరొకరు.

అత్తయ్య కారులోనుండే అన్నది. ‘డిక్కీలో పసుపున్నది గాని అది పిల్ల తాంబూలాల పసుపు. కారుకు నేనివ్వను.’

మేస్త్రి నవ్వాడు. ‘మీరియ్యక్కర్లేదు మామ్మగారూ. నీరు ఎక్కడ్నుంచి పోతన్నాదో తెలీకుండా పసుపేసి ఏటి సేస్తాం? సన్న గొట్టాలు పూడుకుపోయి, బాగున్న రేడియేటరు కూడా సెడిపోతాది. సబ్బు రాస్తే కూత ఆగుతాది గాని, జబ్బు ఆగదు.’

పసుపు వైద్యం నిజంగా ఉన్నదే. దారి మధ్యలో గతిలేనప్పుడు రేడియేటరు సన్న చిల్లును అది కొంతసేపు ఆపుతుంది. అయితే చిల్లు రేడియేటరులో ఉండాలి కదా.

అతడు చేసిన పరీక్ష మాకు ముచ్చట వేసినది, అందుకే వివరంగా వ్రాస్తున్నాము. ముందుగా ఇంజను ముందుభాగమంతా గుడ్డతో పొడిగా తుడిచాడు. క్రింద పాత వార్తాపత్రికలు పరిచాడు. రేడియేటరు నింపి మూతపెట్టి, ఇంజను వేయించి, కొంతసేపయ్యాక ఆపించాడు. ఆపించడం ఎందుకని అడిగితే, పంకా తిరుగుతున్నంతసేపు దాని గాలి చుక్కలను వెనక్కు చిమ్ముతుంది, కారేది ఒకచోట, తడి కనబడేది మరొకచోట అన్నాడు. ఆగాక పడిన చుక్కే నిజం చెబుతుందట. చుక్కలు రేడియేటరు క్రింద పడలేదు, దానికి జానెడు వెనుకగా పడినవి.

అయినా మిగిలినవి విడిచిపెట్టలేదు. పై గొట్టం, క్రింది గొట్టం నొక్కి చూచాడు. క్లిప్పుల దగ్గర గుడ్డ చుట్టి తీశాడు, తడి లేదు. రేడియేటరు సన్నగొట్టాలమీద టార్చి వేశాడు, మరకలు లేవు. నూనె కొలిచే పుల్ల తీసి చూపించాడు. నీరు నూనెలోకి దిగితే అది పాలు కలిపిన టీలాగ మారుతుంది. మాది నల్లగానే ఉన్నది. చల్లారిన తరువాత మూత తీసి ఇంజను వేయిస్తే నీటిలో ఆగకుండా బుడగలు లేవలేదు. పొగ గొట్టంలో తెల్లని ఆవిరి లేదు. అంటే హెడ్డు గాస్కెట్టు బాగున్నది. ఆ మాట విని పెద్దన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. గాస్కెట్టు పోయి ఉంటే హెడ్డు ఊడదీయాలి, తాంబూలాలమాట మరచిపోవాలి.

తరువాత చప్పుడు. ఇంజను తిరుగుతుండగా ఒక సీసాతో బెల్టు లోపలి వైపున కాసిని నీళ్ళు పోశాడు. కిచకిచ ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చినది. అది ఆగిన ఆ ఒక్క క్షణంలో, దాని అడుగున గరగరమని మరొక చప్పుడు మా అందరికీ వినబడినది. బెల్టు కూతకు నీళ్ళు తగిలితే మారుతుంది. బేరింగు చప్పుడుకు నీళ్ళతో పని లేదు. మా బండిలో రెండూ ఉన్నవి. పంకాకు దూరంగా ప్రక్కనుండి పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి, పిడి చెవికి ఆనించుకొని కొంచెంసేపు విన్నాడు. వైద్యుడు గొట్టం పెట్టినట్లే.

పిదప బెల్టు ఊడదీసి ఒక్క నిమిషం ఇంజను వేయించాడు. చప్పుడు లేదు. ఈ పాత అంబాసిడరులో ఒకే బెల్టు మూడు పనులు చేస్తుంది. డైనమోను త్రిప్పుతుంది, నీటి పంపును త్రిప్పుతుంది, ఆ పంపు ఇరుసుకే బిగించిన పంకాను త్రిప్పుతుంది. కనుక దోషం ఈ మూడింటిలోనే ఉన్నది. డైనమో పుల్లీని చేత్తో త్రిప్పితే మెత్తగా తిరిగినది. పంకా రెక్కలను రెండు చేతులా పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపితే వదులుపన్ను కదిలినట్లు కదిలినది.

‘సూసినారా బాబూ? ఇది వాటర్ బాడీ.’

నీటి పంపును మేస్త్రీలు వాటర్ బాడీ అంటారు. దాని క్రిందిభాగాన చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అద్దం ముక్క పట్టి టార్చి వేసి మాకు చూపించాడు. ఆ రంధ్రం చుట్టూ ఆకుపచ్చని పెచ్చు కట్టి ఉన్నది. అది కావాలని పెట్టిన రంధ్రమే. లోపలి సీలు అరిగి నీరు కారితే, ఆ నీరు బేరింగులోకి పోకుండా బయటికి వచ్చి మనకు తెలియాలని తయారుచేసినవారే పెడతారు. కొందరు అక్కడినుండి కారుతున్నది కదా అని ఎంసీలు పెట్టి మూసివేస్తారట. అంతకంటె చెరుపు లేదు.

ఇప్పుడు సంగతి తేటపడినది. ముందు సీలు పోయినది. కారిన నీరు బేరింగులోని గ్రీజును కడిగివేసినది. బేరింగు అరిగి ఇరుసు ఊగసాగినది. ఇరుసుతో పాటు పుల్లీ ఊగి, తడిసిన బెల్టు వంకరగా జారి కూసినది. మేము రెండు జబ్బులనుకున్నది ఒక్క జబ్బే.

‘నీళ్ళు పోసుకుంటూ ఎక్కేస్తే?’ అని పెద్దన్నయ్య అడిగాడు. అప్పటికి అయిదు కావచ్చినది. మాఘమాసపు పొద్దు, మరొక గంటలో చీకటి.

మేస్త్రి కొండవైపు చూపించాడు. ‘బాబుగారూ, కారడం ఒక్కటే అయితే డబ్బా నీళ్ళిచ్చి నేనే పంపేస్తును. ఊగుతన్నాది చూడండి. ఘాటీలో రెండో గేరు మీద ఇంజను అరుస్తాది, బండి నడవదు. ఎదురుగాలి ఉండదు. సల్లబరిసేది ఈ పంకా ఒక్కటే. బేరింగు ఇరిగితే పంకా ఎల్లి రేడియేటర్ని కోసేస్తాది. బెల్టు తెగితే డైనమో ఆగి, లైట్లు కూడా పోతాయి. మామ్మగార్ని ఎట్టుకొని సీకట్లో మలుపులో నిలబడతారా?’

వేరే బండి మాట్లాడుకొని, దీనిని ఇక్కడే వదిలివేద్దామని అన్నయ్య అన్నాడు. తుక్కువానికి సాలూరైతేనేమి విజయనగరమైతేనేమి అని కూడా అన్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు. కారులోనుండి దిగి, షెడ్డు ముందున్న స్టూలుమీద కూర్చున్నది. ఆమె మాట్లాడి ఉంటే అన్నయ్య వాదించేవాడే. మేస్త్రి మధ్యలో కల్పించుకొని విజయనగరంలో ఒక దుకాణానికి ఫోను చేశాడు. అంబాసిడరు టాక్సీలు అన్నేళ్ళు తిరిగిన దేశంలో వాటి సామాను ఇంకా మూలమూలలా ఉన్నది. పంపు ఉన్నదట, ఆరుగంటల బస్సుకు ఇచ్చి పంపుతామన్నారు. బస్సులో రాకపోతే తెల్లవారుజామున అయిదింటికి టాక్సీ అని నిర్ణయించుకున్నాము.

బస్సు ఎనిమిదింటికి వచ్చినది. కండక్టరు ఇచ్చిన కాగితపు పొట్లం చూచి మా వదిన, అప్పుడే పుట్టిన పిల్లను ఎత్తుకున్నట్లు ఎత్తుకున్నదని మేము ఇప్పటికీ నవ్వుకుంటాము. మేస్త్రి పాతదానినీ కొత్తదానినీ ప్రక్కప్రక్కన పెట్టి ఇరుసు పొడవు, బోల్టు కన్నాలు సరిచూచుకున్నాడు. పాత ప్యాకింగును బ్లేడుతో గీకి, ఇనుము మెరిసేదాకా తుడిచి, కొత్త ప్యాకింగు వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకదానినే పూర్తిగా బిగిస్తే ప్యాకింగు ఒకవైపు నలుగుతుందట. బెల్టు కూడా మార్చాడు. నీళ్ళు మెల్లగా పోసి, మూత తీసి ఉంచి ఇంజను వేయించి, లోపలి గాలి బుడగలు పోయేదాకా పోస్తూ కూర్చున్నాడు. మూత అడుగు రబ్బరు చీలి ఉన్నదని అదీ మార్పించాడు. పైకి పోయినకొద్దీ నీరు త్వరగా మరుగుతుంది. కొరాపుట్టు ఎత్తున 97 డిగ్రీలకే మరుగుతుంది. మూత గట్టిగా ఉంటే లోపలి ఒత్తిడి ఆ లోటు తీర్చి, అంతకంటె పైకే తీసుకుపోతుంది. కొండమీద పప్పు త్వరగా ఉడకదని మా ఇండ్లలో ఆడవారు కుక్కరు వాడడం ఇందుకే. ఆఖరున మళ్ళీ కాగితాలు పరిచి, అరగంట ఇంజను తిప్పించాడు. కాగితాలు పొడిగా ఉన్నవి. రాత్రి పదిన్నర.

ఆ రాత్రి రోడ్డుమీది లాడ్జిలో పడుకున్నాము. పడుకున్నామనడమే గాని, తెల్లవార్లూ లారీల హారన్లు. అత్తయ్య మాత్రం హాయిగా నిద్రపోయినది.

అయిదింటికి బయలుదేరాము. మంచు దట్టంగా ఉన్నది. ఎదురుగా దిగివచ్చే లారీల దీపాలు ముందు పసుపు ముద్దల్లాగా కనబడి, దగ్గరకు వచ్చాక విడివిడిగా రెండవుతాయి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. లోయను చూడకపోవడమే మేలని వదిన కళ్ళు మూసుకున్నది. పెద్దన్నయ్య చూపు ఒకటి రోడ్డుమీద, ఒకటి ముల్లుమీద. సుంకి గేటు దగ్గర ఆగినప్పుడు దిగి, క్రిందికి వంగి టార్చి వేసి చూచి, ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. ముల్లు నడిమి గీతమీద నుండి కదలలేదు.

పొట్టంగి చేరేసరికి వెలుగు వచ్చినది. ఇక్కడ టీ త్రాగకుండా వెళ్ళడం మా ఇంటావంటా లేదు. ఈ ప్రాంతంలోనే దేవమాలి ఉన్నది. 1672 మీటర్లతో ఒడిశాలోకెల్ల ఎత్తయిన శిఖరం. చెట్లు లేని పచ్చని గుండ్రని కొండలు ఒకదాని వెనుక ఒకటి, చీరకుచ్చెళ్ళు పరిచినట్లు ఉంటాయి. సంతరోజు కాబోలు, కొండ ఆడవారు తలలమీద అల్లం బుట్టలూ చీపురుకట్టలూ పెట్టుకొని వరుసగా నడుస్తున్నారు. వారి నడకలో తొందర లేదు, అలసటా లేదు. సిమిలిగూడ దాటాక సునాబెడలో విమానాల ఇంజన్ల కార్ఖానా వస్తుంది. 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం పెట్టినది. ఆ గోడ వెంట పోతుంటే అన్నయ్య మొదటిసారి నవ్వాడు. ‘వీళ్ళకు మన వాటర్ బాడీ చూపిస్తే ఏమంటారో’ అన్నాడు. పాతదానిని మేస్త్రి కాగితంలో చుట్టి డిక్కీలో పెట్టించాడు, వెండి కంచం ప్రక్కన.

కొరాపుట్టులో జగన్నాథుని గుడి శిఖరానికి కారులోనుండే దండం పెట్టుకొని, మిగిలిన 22 కిలోమీటర్లూ దిగి, తొమ్మిదికి జయపురం చేరాము. తాంబూలాలు సకాలానికి జరిగినవి. అత్తయ్య అక్షతలు వేస్తుంటే పిల్ల కంటనీరు పెట్టుకున్నది. భోజనాల దగ్గర వియ్యంకులవారు పిల్ల చదువును గురించి రెండు ప్రశ్నలు, కారును గురించి పది ప్రశ్నలు వేశారు. అన్నయ్య పెద్ద మేస్త్రిలాగా జవాబులు చెప్పాడు. సాయంత్రం తుక్కు వ్యాపారి దగ్గరనుండి ఫోను వచ్చినది. అన్నయ్య పెరట్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఏమన్నాడో ఎవరమూ అడగలేదు. బండి ఈనాటికీ మా ఇంటిముందే ఉన్నది.

నాలుగోరోజు తిరుగు ప్రయాణంలో సాలూరులో ఆగాము. కొత్త బెల్టు కొంచెం తిరిగాక సాగుతుంది, తప్పక చూపించమని మేస్త్రి చెప్పి ఉన్నాడు. రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కాడు. అరంగుళం దిగాలట, మాది అంతకంటె ఎక్కువ దిగినది. డైనమో బోల్టు వదులుచేసి, కొంచెం జరిపి మళ్ళీ బిగించాడు. డబ్బు పుచ్చుకోలేదు. అత్తయ్య ఇచ్చిన మినపసున్ని ఉండలు మాత్రం పుచ్చుకొని, ఒకటి నోట్లో వేసుకుంటూ ప్రక్కనున్న లారీ క్రిందికి దూరాడు.